మద్దెల తినే అన్నం

రెండు పక్కలా దెబ్బలు తినే మద్దెల అన్నం కూడా తింటుందని మీకు తెలుసా?

మృదంగం కుడి మూత నడుమ గుండ్రంగా కనిపించే నల్లటి మచ్చ రంగుపూత కాదు. బాగా ఉడికిన అన్నంలో బరువైన నల్లరాయి పొడి కలిపి, మెత్తగా మెదిపి అద్దిన ముద్ద అది. ఇంటి వసారాలో కాళ్ల మధ్య మృదంగం పెట్టుకుని కూర్చుంటాడు చేసే మనిషి. చిటికెడు ముద్ద తీసి తోలు మీద పల్చగా పరుస్తాడు. నున్నటి రాయితో అది ఆరేదాకా రుద్దుతాడు. ఆ పైన ఇంకో పొర, మళ్లీ రుద్దడం. పైపైకి పోయేకొద్దీ పొర వెడల్పు తగ్గుతుంది కాబట్టి మచ్చ నడుమ మందంగా, అంచుల్లో పల్చగా తేలుతుంది. రుద్దుడుకి అందులో కంటికి సరిగా ఆనని సన్నటి బీటలు పడతాయి. బీటలు పడితే పాడైనట్టు అనుకుంటాం కదా, ఇక్కడ అవి ఉండాలి. అవి లేకపోతే మచ్చ బిగుసుకుపోయి, తోలుతో పాటు ఊగదు.

ఇంత శ్రమ ఎందుకు? ఉత్త తోలు బిగించి కొడితే అసలు స్వరం వెంట మోగే అనుస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే మామూలు డప్పులో మోత ఉంటుంది గానీ, తంబురాతో కలిసే శ్రుతి పలకదు. నడుమ ఈ బరువు పడగానే ఆ అనుస్వరాలు రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా, వీణ తీగలో మాదిరి వరస కడతాయి. ఈ సంగతిని 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించినవారు సి.వి. రామన్, శివకాళి కుమార్. విశాఖపట్నంలో బడి చదువు చదివిన రామన్‌గారే. తోలు ఊగే 9 తీరులు కలిసి 5 స్వరాలుగానే వినిపిస్తాయని ఆయన తేల్చారు. ఆ లెక్క పుట్టకముందే, ఎన్నో తరాల కిందటే, చెవినే నమ్ముకుని ఈ మచ్చను కుదిర్చినవాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఎడమ పక్కకు పెట్టేది రవ్వ. కచేరీకి ముందు బొంబాయి రవ్వను నీళ్లతో తడిపి ముద్దగా అంటిస్తారు, అయ్యాక గీకేస్తారు. గుమ్మని పలికే మంద్రం ఆ తడి బరువు చలవే.

డొల్లకు పనస మొద్దే మేలు. తోళ్లు మాత్రం మూడు రకాలు: ఆవు, మేక, గేదె. తోలు ముట్టుకునే పని కావడంతో తంజావూరు ప్రాంతంలో దీన్ని తరతరాలుగా చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. మృదంగ విద్వాంసుడు పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు తెలియని కర్ణాటక సంగీత రసికుడు ఉండడు; ఆయనకు మృదంగాలు చేసిపెట్టిన పర్లాందు పేరు ఎందరికి తెలుసు? ఆ కుటుంబాల కథను గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంగా తెచ్చారు. కచేరీ ఆహ్వాన పత్రికలో వాద్యకారుడి పేరు పక్కన మృదంగం చేసినవారి పేరూ వేయాలని నా గట్టి కోరిక.

వాయించగా వాయించగా మచ్చ అరిగి, పెచ్చులు లేస్తుంది. అప్పుడు విద్వాంసుడు మృదంగం ఎత్తుకుని ఆ వసారాకే వెళ్లాలి. పాతది గీకి, పిడికెడు బియ్యం మళ్లీ పొయ్యి మీద పెడతారు.