ఫిల్లింగ్ తరువాత పళ్ళ కలయిక

పుప్పి పన్నులో పాడైన భాగాన్ని తొలగించి, ఏర్పడిన గుంటను తగిన పదార్థంతో నింపడాన్ని ఫిల్లింగ్ అంటారు. వాడుకలో దీనిని పన్నుకు సిమెంటు పెట్టడం అని కూడా అంటారు. నోరు మూసినపుడు పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానిపై ఒకటి ఆనే తీరును పళ్ళ కలయిక అంటారు. దంతవైద్యులు దీనినే బైట్ అని వ్యవహరిస్తారు. మత్తు పూర్తిగా దిగిన తరువాత పళ్ళు మునుపటిలాగే కలవాలి. ఫిల్లింగ్ చేసిన పన్ను మిగిలిన పళ్ళకంటే ముందుగా తగలరాదు. ఫిల్లింగ్ తరువాత కలిగే నొప్పులలో కొన్ని వాటంతట అవే తగ్గుతాయి, కొన్నింటిని వైద్యుడు సరిచేయవలసి ఉంటుంది. ఈ తేడా తెలియక చాలామంది అనవసరంగా బాధపడుతూ ఉంటారు.

పన్నుకు స్పర్శ తెలిసే విధానం

పన్ను దవడ ఎముకలో మేకు వలె బిగిసి ఉండదు. వేరుకు, ఎముకకు మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల పీచు పొర ఉంటుంది. దీనిని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. నమిలేటపుడు కలిగే ఒత్తిడిని ఇది మెత్త వలె భరిస్తుంది. ఇందులోని నాడుల చివరలు ఒత్తిడిని చాలా సూక్ష్మంగా గుర్తిస్తాయి. రెండు సహజమైన పళ్ళ మధ్య సుమారు 20 మైక్రాన్ల మందం గల రేకు ఉన్నా తెలుస్తుంది. తలవెంట్రుక మందం ఇంతకు కొన్ని రెట్లు ఎక్కువ. అందువలన ఫిల్లింగ్ కంటికి కనిపించనంత ఎత్తుగా ఉన్నా, పళ్ళ మధ్య ఏదో అడ్డుపడినట్లు అనిపిస్తుంది.

వైద్యశాలలో సరిచూసే పద్ధతి

ఫిల్లింగ్ పూర్తి కాగానే వైద్యుడు పళ్ళ మధ్య పలుచని రంగు కాగితాన్ని ఉంచి కొరకమంటాడు. తరువాత దవడను పక్కలకు కదపమంటాడు. ఎక్కువ ఒత్తిడి పడిన చోట రంగు మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చను బట్టి ఫిల్లింగ్‌ను కొద్దికొద్దిగా అరగదీసి, తిరిగి సరిచూస్తాడు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కొన్నిసార్లు ఫిల్లింగ్ ఎత్తుగా మిగిలిపోతుంది. దీనికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది మత్తు. ఉదాహరణకు ఆరేళ్ళ వయసులో వచ్చే కింది మొదటి చర్వణకానికి ఫిల్లింగ్ చేసేటపుడు తరచుగా ఆ వైపు దవడకు మత్తు ఇస్తారు. పెదవిలో, నాలుకలో ఆ మత్తు కొన్ని గంటలపాటు ఉంటుంది. అంతవరకు రోగికి తన కలయిక సరిగా తెలియదు. రెండవది, వెల్లకిలా పడుకున్నపుడు కింది దవడ కొంచెం వెనుకకు జారుతుంది. అందువలన కూర్చున్న తరువాత పళ్ళు మరొక చోట కలవవచ్చు.

సాధారణంగా కలిగే అనుభూతులు

కొత్త ఫిల్లింగ్ నాలుకకు కొద్దిరోజులు కొత్తగా తగలడం సహజం. చల్లని నీరు తాగినపుడు పన్ను జివ్వుమని, కొన్ని క్షణాలలో తగ్గిపోవడం కూడా సాధారణమే. ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌లో ద్రవంతో నిండిన సన్నని గొట్టాలు ఉంటాయి. ఆ ద్రవం కదలినపుడు లోపలి నాడులు ప్రేరేపితమై నొప్పి కలుగుతుందని స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో వివరించాడు. లోతైన పుప్పి తీసినపుడు ఈ బాధ కొంచెం ఎక్కువగా ఉంటుంది. ఇది సాధారణంగా రోజురోజుకూ తగ్గుతూ రెండు, మూడు వారాలలో పోతుంది.

పంటి రంగులో ఉండే కాంపోజిట్ నీలికాంతితో గట్టిపడేటపుడు కొద్దిగా కుదించుకుపోతుంది. దీని వలన పంటికి, ఫిల్లింగ్‌కు మధ్య సందు ఏర్పడితే, కలయిక సరిగా ఉన్నప్పటికీ కొరికినపుడు నొప్పి రావచ్చు.

ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నట్లు తెలిపే లక్షణాలు

* నోరు మూయగానే ఆ పన్ను ఒక్కటే ముందుగా తగలడం
* ఆ వైపు నమిలినపుడు నొప్పి కలగడం, నమలకుంటే తగ్గడం
* వేలితో తట్టినా పన్ను నొప్పిగా ఉండడం
* తెలియకుండానే రెండవ వైపు నమలడం అలవాటు కావడం

నమిలే బలమంతా ఒకే పన్నుపై పడడం వలన వేరు చుట్టూ ఉన్న పీచు పొర వాస్తుంది. ఫిల్లింగ్ అరిగి అదే సర్దుకుంటుందని ఎదురుచూడడం సరికాదు. ఈలోగా ఫిల్లింగ్ గానీ, పన్ను గానీ, ఎదుటి పన్ను గానీ చిట్లే ప్రమాదం ఉంది. ఎత్తును తగ్గించడం కొద్ది నిమిషాల పని. అరగదీసేది ఫిల్లింగ్‌నే కాబట్టి సాధారణంగా మత్తు అవసరం ఉండదు. ఆ తరువాత నొప్పి చాలావరకు కొద్ది రోజులలోనే తగ్గుతుంది.

ఇందుకు భిన్నంగా ఫిల్లింగ్ మరీ పల్లంగా ఉండి ఎదుటి పన్నుకు తగలకపోతే నొప్పి ఉండదు. కానీ ఎదుటి పన్ను కాలక్రమంలో ఆ ఖాళీవైపు జరగవచ్చు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

చల్లదనం లేదా వేడి తగిలిన తరువాత నొప్పి చాలాసేపు ఉండడం, ఏ కారణం లేకుండా నొప్పి రావడం, రాత్రి నిద్ర నుండి మేల్కొలిపేంత నొప్పి కలగడం పంటి గుజ్జు దెబ్బతిన్నదనడానికి సూచనలు. అప్పుడు ఎత్తు తగ్గించినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. రూట్ కెనాల్ చికిత్స అవసరం కావచ్చు. కొరికి వదిలినపుడు సూది గుచ్చినట్లు నొప్పి వస్తే పన్నులో పగులు ఉందేమో పరీక్షించాలి. ముఖం లేదా చిగురు వాచినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

జాగ్రత్తలు

* మత్తు దిగేవరకు ఏమీ నమలకూడదు. పిల్లలు తిమ్మిరెక్కిన పెదవిని, బుగ్గను కొరుక్కోకుండా చూడాలి.
* కాంపోజిట్ వెంటనే గట్టిపడుతుంది. వెండి, పాదరసం కలిసిన అమాల్గం పూర్తి బలం పొందడానికి సుమారు 24 గంటలు పడుతుంది. అంతవరకు జంతికలు, వేయించిన శనగలు, చెరకు, వక్కలు వంటి గట్టి పదార్థాలను ఆ వైపు కొరకరాదు.
* మత్తు దిగిన తరువాత నిటారుగా కూర్చుని, మెల్లగా నోరు మూసి రెండు వైపులా కలయికను గమనించాలి.
* ఏ పన్ను ముందు తగులుతున్నదో, నొప్పి కొరికినపుడా వదిలినపుడా కలుగుతున్నదో, ఎంతసేపు ఉంటున్నదో వైద్యునికి చెప్పాలి. నొప్పికి కారణాన్ని గుర్తించడంలో ఈ వివరాలు ఎంతో ఉపయోగపడతాయి.