ఫారం 16

జూన్ నెల రాఁగానే జగిత్యాలలోని ఉపాధ్యాయుఁడును, సిరిసిల్లలోని బ్యాంకు ఉద్యోగియు వెదకు పత్రమిది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 192వ సెక్షను ననుసరించి జీతమునుండి పన్ను కోసికొనిన యజమాని, 2025-26 ఆర్థిక సంవత్సరపు జీతములకుఁగూడ ఆ చట్టమే వర్తించుటవలన, 203వ సెక్షను ప్రకారము ఇయ్యవలసిన ధ్రువపత్రమే ఫారం 16. ఇందు ‘ఎ’ భాగము ఖజానాకుఁ జేరిన పన్నును, ‘బి’ భాగము జీతభత్యముల వివరములను దెలుపును.

కోసిన పన్నును గూర్చి యజమాని పన్నుశాఖకుఁ బంపు చివరి త్రైమాసికపు 24క్యూ నివేదికకు మే 31, ఈ పత్రమునకు జూన్ 15 గడువులు. అయినను అసలు పని నెలనెలా జీతపు బిల్లులు వ్రాయునప్పుడే యున్నది: పాన్ సంఖ్యలో ఒక్క యక్షరము తారుమారైనచో, కోసిన పన్ను ఉద్యోగి పన్నుల పట్టికయైన 26ఏఎస్‌లోఁ గానరాదు, దిద్దుబాటు నివేదికకై అతఁడు కార్యాలయము చుట్టును దిరుగవలసినదే.

వేయి బీడీల లెక్కనఁ గూలి పొందు కోరుట్ల కార్మికురాలికి ఈ పత్రముతోఁ బనిలేదు. ఆమెకుఁ గావలసినది భవిష్యనిధి ఖాతాలో పేరు, పుట్టిన తేదీ సరిగా నుండుట. అధికారుల శ్రద్ధ అచ్చటనే తక్కువ యని నా యభిప్రాయము.