ఆవుకు డబ్బు పంపే ముందు మేత లెక్క చూద్దాం

శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తే ఈమధ్య మా రూములో తరచూ వినిపించే మాట ఒకటే. "ఆవును కొందామనుకుంటున్నాం, డబ్బులు పంపిస్తావా?" పంపడం మనకు కొత్త కాదు. ఏ ఆవును కొనాలన్న దగ్గరే తడబడుతున్నాం. మా రూములో ఒకాయన పోయినేడాది జెర్సీ సంకరజాతి ఆవుకు డబ్బు పంపాడు. కొన్న కొత్తలో పూటకు ఆరు లీటర్లు ఇచ్చింది. ఎండలు ముదిరి పచ్చిమేత అయిపోయేసరికి పాలు సగానికి పడిపోయాయి. తప్పు ఆవుదా, మనదా?

మేం సౌదీలో రియాద్ దగ్గర అల్‌ఖర్జ్‌లో డెయిరీ పని చేసేవాళ్లం. ఇక్కడి హోల్‌స్టీన్ ఆవులకు షెడ్లలో పెద్ద పెద్ద ఫ్యాన్లు, నీటి తుంపర్లు, ఓడల్లో వచ్చే లూసర్న్ గడ్డి. అంత చేస్తేనే అన్ని పాలు. మన ఊళ్లో ఆ సౌకర్యాలు ఎక్కడివి?

లెక్క ఇలా చూడాలి. మేతలో నీటి బరువు తీసేసి, ఎండు బరువునే లెక్కగడతారు. నాటు ఆవు రోజుకు తన బరువులో 2 నుంచి 2.5 శాతం తింటుంది. సంకరజాతి ఆవుకు 2.5 నుంచి 3 శాతం కావాలి. అంటే 300 కిలోల నాటు ఆవుకు 6 నుంచి 7.5 కిలోలు, 400 కిలోల సంకరజాతి ఆవుకు 10 నుంచి 12 కిలోలు. పచ్చిగడ్డిలో ముప్పాతిక వంతుకు పైగా నీరే. 20 కిలోల మోపు వేసినా లెక్కకొచ్చేది 4, 5 కిలోలే. దాణా సంగతి చూస్తే, ఒళ్లు నిలబడటానికే నాటు ఆవుకు కిలోంబావు, సంకరజాతికి 2 కిలోలు. ఆపైన ప్రతి 2.5 లీటర్ల పాలకు మరో కిలో.

ఎదుగుదలలో సంకరజాతిదే పైచేయి. బాగా మేపితే పెయ్య రెండున్నర, మూడేళ్లకే ఈనుతుంది. నాటు పెయ్యకు మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. కానీ 'బాగా మేపితే' అన్న మాటలోనే ఉంది అసలు సంగతి. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. ఎండకు తట్టుకోలేని పశువు ముందు మేత తగ్గిస్తుంది. పాలు, ఎదుగుదల వెంటనే తగ్గుతాయి. నాటు ఆవు ఎండకు ఓర్చుకుంటుంది, ఎండుగడ్డి, చొప్పతోనైనా నెట్టుకొస్తుంది.

నాటుజాతి ఎదగదనుకోవడమూ పొరపాటే. 19వ శతాబ్దంలో బ్రెజిల్ చేరిన మన ఒంగోలు జాతికి అక్కడ నెల్లూరు పేరు మీద 'నెలోర్' అని పేరొచ్చింది. తరతరాలుగా మంచి పశువులను ఏరి పెంచారు. ఇవాళ అక్కడి మాంసపు పశువుల్లో ముఖ్యమైనది అదే, పెరిగేది ఎక్కువగా పచ్చిక బయళ్లలోనే.

అందుకే అన్నదమ్ములారా, డబ్బు పంపేముందు ఇంట్లోవాళ్లను నాలుగు మాటలు అడుగుదాం. వేసవిలో బోరులో నీళ్లుంటాయా? పచ్చిమేతకు ఎంత చోటుంది? నీడ ఉందా, పశువుల డాక్టరు అందుబాటులో ఉన్నాడా? రోజూ మోపు మోసేది ఎవరు, అమ్మేనా? అన్నీ ఉంటే సంకరజాతి లాభమే. లేకపోతే ఇంటి పాలకు మంచి నాటు ఆవే మేలు. ఆవు ఖరీదు ఒక్కసారి, మేత ఖర్చు రోజూ.

మా రూమాయన కూడా రెండో ఆవు ఆలోచన మానుకున్నాడు. ఈ నెల జీతంలోంచి పావెకరంలో నేపియర్ గడ్డి నాటించడానికి పంపాడు.