మందు కలిపే చేతులు, ఆగని సంకేతాలు

పత్తి చేలో మందు కొట్టే రోజు పంపు వీపున వేసుకునేది ఎక్కువగా మగవాళ్లే. బకెట్లో మందు కలిపి, ఖాళీ అయిన ట్యాంకును మళ్లీ మళ్లీ నింపేది ఆడవాళ్లు. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో 50 మంది మహిళా రైతులు, మందు కొట్టినప్పుడల్లా తమకూ ఇంట్లో మగవాళ్లకూ ఒంట్లో ఎలా ఉందో చెబుతూ వచ్చారు. నమోదైన 323 సందర్భాల్లో దాదాపు 84 శాతంలో విష లక్షణాలు కనిపించాయి. పంపు ముట్టని ఆడవాళ్లకూ ముప్పు మగవాళ్లతో సమానమేనని తేలింది.

ఆ చేతుల గుండా ఒంట్లోకి చేరిన మందు ఏం చేస్తుంది?

నాడీకణాల మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. సంకేతాన్ని అటు చేర్చడానికి చాలా చోట్ల ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది అవతలి కణాన్ని తాకగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల అణువుల్ని తుంచగలదు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పట్టుకునేది సరిగ్గా ఈ ఎంజైమునే. ఇక ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, కణం ఆగకుండా స్పందిస్తూనే ఉంటుంది. పురుగు చచ్చేదీ ఇలాగే. ఈ ఎంజైము దానికీ మనిషికీ ఉంది.

మోతాదు కొద్దిగా ఉంటే తలనొప్పి, వికారం, చెమటలు, చూపు మసకబారడం. ఎండదెబ్బ అనుకుని పడుకునేవాళ్లు ఎందరో! మోతాదు పెరిగితే కనుపాపలు సూదిమొనంత అయిపోతాయి, నోట నురగ వస్తుంది, కండరాలు అదురుతాయి. మెదడులో ఫిట్స్ మొదలై, ఊపిరిని నడిపే కేంద్రం చతికిలపడుతుంది. ప్రాణాలు పోయేది ఎక్కువగా ఊపిరి అందకే.

ఆస్పత్రిలో అట్రోపిన్ ఇచ్చి ఎసిటైల్‌కోలిన్ దాడిని అడ్డుకుంటారు. ఎంజైమును విడిపించడానికి ప్రాలిడాక్సిమ్ వాడతారు గానీ, దానికి గడువుంది. మోనోక్రోటోఫాస్ జాతి మందులైతే నాలుగు గంటలు తిరక్కముందే చిక్కుకున్న ఎంజైములో సగం ఇక కోలుకోని స్థితికి చేరుతుంది. క్లోర్‌పైరిఫాస్ జాతిలో అందుకు 33 గంటల దాకా పడుతుంది. రోగితో పాటు మందు డబ్బా కూడా తీసుకెళ్లాలనేది అందుకే: డాక్టరుకు ఆ పేరు ముఖ్యం.

వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో అత్యధికులు చనిపోవాలని తాగినవాళ్లే. చేలో మందు సోకి తల తిరిగినవాళ్లు చాలామంది ఆస్పత్రి గడప కూడా తొక్కరు, ఏ లెక్కలోకీ రారు.

మనవాళ్లు ఎందరో స్థిరపడిన కాలిఫోర్నియాలో 1974 నుంచి ఒక నిబంధన ఉంది. ఈ మందులతో తరచూ పనిచేసే కూలీల రక్తంలో ఎంజైము స్థాయిని ముందే కొలిచి పెట్టుకుంటారు. ఎర్ర రక్తకణాల్లో అది మొదటి స్థాయిలో 70 శాతానికి పడిపోతే మనిషిని మందు పని నుంచి తప్పించాలి. 80 శాతానికి చేరాకే మళ్లీ పనిలోకి. వానాకాలం పత్తికి మందు కొట్టడం మొదలయ్యేలోపు ఇదే పరీక్ష మన ఊళ్లలోనూ జరగాలి, పంపు మోసేవాళ్లకే కాదు, బకెట్లో మందు కలిపే ఆడవాళ్లకూ.