రద్దీ రైలులో నగర దర్శనం

నగరాన్ని చూడబోయేవారికి కాలం తమ చేతిలోనే ఉంటుంది. అదే రైలులో ఉద్యోగానికో, ఆసుపత్రికో పోయేవారికి ఆ వెసులుబాటు లేదు. రద్దీ రైలులో పాటించవలసిన మర్యాదలన్నిటికీ ఈ భేదమే మూలమని మేము భావిస్తున్నాము.

మన బడంగ్‌పేట్‌కు మెట్రో రైలు లేదు. బస్సులోనో, ఆటోలోనో ఎల్.బి.నగర్‌కు గాని దిల్‌సుఖ్‌నగర్‌కు గాని చేరుకోవాలి. అమీర్‌పేట్ నుండి ఎల్.బి.నగర్ వరకు ఈ మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. ఎల్.బి.నగర్ మొదటి స్టేషను కనుక అక్కడ కూర్చునేందుకు చోటు దొరుకుతుంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి నిలబడడమే కష్టమవుతుంది. వృద్ధులను, పసివారిని వెంట తీసుకొని పోయేవారు ఎల్.బి.నగర్‌లోనే ఎక్కడం మంచిది.

సాలార్‌జంగ్ మ్యూజియం చూడదలచామనుకొందాం. శుక్రవారం దానికి సెలవు. తక్కిన రోజులలో ఉదయం పది గంటలకు తెరుస్తారు. కావున కార్యాలయాల రద్దీ తగ్గిన పిమ్మట, పదిన్నర ప్రాంతంలో రైలెక్కినా నష్టం లేదు. మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద దిగి ఆటోలో వెళ్ళవచ్చు. చార్మినార్‌కూ అదే దారి. సాయంత్రం నాలుగు గంటలకే తిరుగు రైలు అందుకుంటే అలసి వచ్చే ఉద్యోగులకు మనం అడ్డు కాబోము.

'పహలే ఆప్' అంటూ ఒకరినొకరు ముందు ఎక్కమని బ్రతిమాలుకొని, చివరకు రైలే పోగొట్టుకున్న లక్నో నవాబుల కథ మనమెరిగినదే. మెట్రోలో ఆ మాటకు సరియైన అర్థం ఒక్కటే: దిగేవారికి ముందు దారి ఇవ్వడం. తలుపు ప్రక్కకు తొలగి నిలబడితే దిగేవారు త్వరగా దిగుతారు, మనమూ త్వరగా ఎక్కగలుగుతాము. వీపున ఉన్న సంచిని ముందుకు తగిలించుకోవాలి. వెనుకనున్నవారికి అది తగులుతున్నదని మనకు తెలియదు. మహిళలకు కేటాయించిన భాగంలో పురుషులు ఎక్కరాదు. రైలులో తినడం నిషిద్ధం.

గుంపుగా వెళ్ళే విద్యార్థులు దిగవలసిన స్టేషను పేరు అందరికీ ముందే చెప్పుకోవాలి. ఒకరు వెనుకబడితే మూయబోయే తలుపును ఆపరాదు. తక్కినవారు గమ్యస్థానంలో దిగి వేచి ఉండాలి. వెనుకబడినవారు తరువాతి రైలులో వచ్చి కలుసుకుంటారు. మిత్రుని కొరకు తలుపును పట్టుకుంటే రైలులోని వారందరి ప్రయాణమూ ఆగుతుంది.

చూడబోయిన వింతలు మన కొరకు కాచుకొని ఉంటాయి. తోటి ప్రయాణికుని హాజరు పట్టీ కాచుకొని ఉండదు.