పత్తికాయలో డార్విన్

డిసెంబరులో ఆదిలాబాద్ నల్లరేగళ్లలోనో ఆదోని చుట్టుపక్కలో పత్తి చేలోకి వెళ్తే పైకి అంతా బాగానే కనిపిస్తుంది. చెట్టు పచ్చగా ఉంటుంది, కాయ నిండుగా ఉంటుంది. ఆ కాయను చీల్చి చూస్తేగానీ అసలు సంగతి తెలియదు. దూది రంగు మారి ముద్దకట్టి ఉంటుంది, గింజను తొలుస్తూ గులాబీరంగు పురుగు తాపీగా కూర్చుని ఉంటుంది. పూత దశలో రేకలు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు దాని రాకకు తొలి గుర్తు. అది గమనించకపోతే రైతుకు మిగిలే ఆనవాలు దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే పిల్లపురుగు కాయలోకి దూరిన సన్నటి రంధ్రం కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది.

లెక్కప్రకారం ఆ పురుగు అక్కడ ఉండకూడదు. కాయతొలుచు పురుగుల్ని చంపడానికే కదా బీటీ పత్తి వచ్చింది!

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్, మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా. దాని జన్యువును పత్తిలోకి చేర్చారు. దాంతో ఆకులో, కాయలో ఒక రకం ప్రొటీన్ తయారవుతుంది. పురుగు దాన్ని తింటే ఆ ప్రొటీన్ పేగులో కరిగి, పేగు గోడమీద ఉండే కడ్హెరిన్ అనే అణువును పట్టుకుని, గోడకు చిల్లులు పొడుస్తుంది. పురుగు చస్తుంది. 1990ల చివర్లో వరంగల్ ప్రాంతంలో పురుగుల తాకిడికీ అప్పులకూ తట్టుకోలేక రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు చూసినవారికి ఇది వరమే అనిపించింది. 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2006లో రెండో ప్రొటీన్ కూడా జోడించిన విత్తనం దిగింది. కొన్నేళ్లలోనే దేశంలోని పత్తి విస్తీర్ణంలో తొంభై శాతానికి పైగా బీటీయే అయిపోయింది.

2010లో గుజరాత్ నుంచి మొదటి కబురు వచ్చింది. అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో గులాబీ పురుగు మొదటి ప్రొటీన్‌ను తట్టుకుంటోందని! ఆ తర్వాత అయిదారేళ్లకే రెండోదీ పనిచేయడం మానేసింది.

‘మందు తిని తిని పురుగు రాటుదేలింది’ అని ఊళ్లో అనుకుంటారు. చదువుకున్నవాళ్లూ అదే మాటంటారు. జరిగింది మాత్రం అది కాదు. ఒక్క పురుగు కూడా తన పేగును మార్చుకోలేదు. బీటీ కాయ తిన్న మామూలు పురుగు చచ్చింది, అంతే. అలవాటు చేసుకునేంత వ్యవధి దానికెక్కడిది?

కోట్లాది పురుగుల్లో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. జన్యువుల నకలు తీసేటప్పుడు దొర్లే పొరపాట్ల వల్ల ఏ కొన్నింటిలోనో కడ్హెరిన్ ఆకారం మారి ఉంటుంది. బీటీ ప్రొటీన్‌కు అక్కడ పట్టు దొరకదు. మన పత్తి చేలల్లోంచి పట్టుకున్న పురుగుల్ని పరీక్షిస్తే ఈ ఒక్క జన్యువే రకరకాల చోట్ల, రకరకాలుగా చెడిపోయి కనిపించింది. బీటీ లేని కాలంలో అలాంటి మార్పు వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. బీటీ పరుచుకున్నాక మిగతావన్నీ పోయి, పిల్లల్ని కనడానికి ఇవే మిగిలాయి. ఆడ రెక్కల పురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది, నెల తిరిగేసరికి కొత్త తరం తయారవుతుంది. బీటీ చేను ఒక జల్లెడ. జల్లెడ గింజల్ని తయారుచేయదు. ఏవి నిలవాలో, ఏవి జారిపోవాలో మాత్రమే తేలుస్తుంది.

ఛార్లెస్ డార్విన్ 1859లో అచ్చువేయించిన పుస్తకంలో చెప్పిన ప్రకృతి వరణం సారాంశమిదే. జీవుల్లో తేడాలుంటాయి, వాటిలో కొన్ని పిల్లలకు అందుతాయి, పుట్టినవన్నీ బతికి పిల్లల్ని కనలేవు. ఈ మూడూ కలిస్తే తరాలు గడిచేకొద్దీ జాతి రూపు మారకతప్పదు. ఎవరూ పూనుకోనక్కర్లేదు, పురుగు కష్టపడనక్కర్లేదు. ఇదంతా కంటికి కనిపించనంత నిదానంగా సాగుతుందని డార్విన్ అనుకున్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అంచనా కాస్త తప్పింది. పురుగులు మందులకు లొంగకుండా పోగలవా అని అమెరికా కీటక శాస్త్రవేత్త మెలాండర్ 1914లోనే ప్రశ్న లేవనెత్తాడు. పండ్లతోటల్లో సున్నం-గంధకం మందు కొట్టినా చావని పొలుసు పురుగులు ఆయన కళ్లెదుటే ఉన్నాయి మరి.

బలమున్నదే బతుకుతుందన్న మాటకూ ఇక్కడ చోటులేదు. అరిజోనాలో పరిశోధకులు బీటీని తట్టుకునే పురుగుల్ని మామూలు పత్తి మీద పెంచి చూస్తే, సాధారణ పురుగుల కన్నా వెనకబడ్డాయి. బీటీ చేలో మొనగాడు పక్క చేలో బక్కప్రాణి.

ఈ సూత్రం తెలిసినవాళ్లు పురుగును నిలువరించే ఉపాయం కూడా ముందే ఆలోచించారు. బీటీ చేను చుట్టూ అయిదు వరుసలు మామూలు పత్తి వేయాలన్నారు. అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చేవారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా మారిన జన్యువు అందితేనే పురుగు బీటీని పూర్తిగా తట్టుకోగలదు. మామూలు వరుసల్లో పెరిగిన వేలాది సాధారణ పురుగులు, బీటీలో బతికి బయటపడిన ఒకటి అరా వాటితో జతకడితే, పుట్టే పిల్లలకు ఒకవైపు నుంచే ఆ జన్యువు అందుతుంది. అవి బీటీ తిని చస్తాయి.

ఆ చిన్న ప్యాకెట్ చాలాచోట్ల గట్టు మీదే ఉండిపోయింది. రైతును తప్పుపట్టడం తేలికే. రెండెకరాలు కౌలుకు తీసుకున్నవాడు పురుగుల కోసం పంట వేయమంటే వేస్తాడా? నీళ్లున్నచోట ఫిబ్రవరి, మార్చి దాకా పంటను సాగదీయడంతో పురుగుకు అదనంగా మరో రెండు తరాలు కలిసొచ్చాయి. పైగా గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. శనగపచ్చ పురుగు అలా కాదు. కందిలో, శనగలో, టమాటాలో, ఇలా బీటీ లేని పంటలన్నిటిలోనూ బతుకుతుంది. ఆ పంటలే దానికి ఎవరూ వేయని నాన్‌బీటీ వరుసలయ్యాయి. అందుకే అది బీటీకి ఇంత త్వరగా ఎదురుతిరగలేదు.

అరిజోనా రైతులు ఆ నాన్‌బీటీ నియమాన్ని గట్టిగా పాటించారు. 2006 నుంచి విమానాల్లో వంధ్య రెక్కల పురుగుల్ని కూడా చేలమీద వదిలారు. 2018 అక్టోబరులో అమెరికా తన పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించింది. చైనాలో యాంగ్జీ లోయ రైతులు ఇవేవీ చేయలేదు. ఖర్చు తగ్గుతుందని సంకరజాతి పత్తి రెండో తరం గింజలు వేసుకున్నారు. వాటిలో నాలుగో వంతు మొక్కల్లో బీటీ ఉండదు. తెలియకుండానే చేనంతా నాన్‌బీటీ వరుసలు కలిసిపోయి, అప్పుడప్పుడే తలెత్తుతున్న నిరోధకత వెనక్కి తగ్గింది.

తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయాధికారులు ఇప్పుడు చెప్పేదల్లా డిసెంబరు, జనవరికల్లా పంట ముగించమని, మోళ్లు పీకేయమని, చేలతోపాటు జిన్నింగ్ మిల్లుల దగ్గరా లింగాకర్షక బుట్టలు పెట్టమని. మిల్లుల ఊసెందుకంటే, రెండు గింజల్ని దారంతో కలిపి అల్లుకుని వాటి మధ్య నెలల తరబడి నిద్రావస్థలో ఉండగలదీ పురుగు. మిల్లులో గుట్టపోసిన పత్తి గింజల్లోంచే అది రెక్కలొచ్చి మళ్లీ చేలమీదికి వస్తుంది.