పదహారేళ్లకే సైకాలజీయా?

"సైకాలజీయా? అంటే పిచ్చివాళ్ల చదువా?"

మూడేళ్ల కిందట మా అమ్మాయి పదో తరగతి పాసై, పదకొండులో సైకాలజీ తీసుకుంటానన్నప్పుడు ఈ మాట అన్నది చుట్టాలో పక్కాలో కాదు, నేనే! మావారు స్టీల్‌ప్లాంటు ఉద్యోగి. మా వీధిలో ఏ ఇంట్లో అడిగినా పిల్లలు ఎంపీసీ, లేకపోతే బైపీసీ. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకు తెలిసిన పెద్ద చదువులు రెండే, ఇంజనీరు, డాక్టరు. మంచి మార్కులొచ్చిన పిల్లకి ఇదేం బుద్ధి అని రెండ్రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ వారమే న్యూజెర్సీ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేస్తే గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ నవ్వేసి, "వదినా, మా వాడు కూడా హైస్కూల్లో ఏపీ సైకాలజీ చదువుతున్నాడు" అంది. ఆంధ్రప్రదేశ్ సైకాలజీ అమెరికాలో ఎందుకు చెబుతారా అని బుర్ర గోక్కున్నాను. ఆ ఏపీ వేరట! అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని, కాలేజీ మొదటి ఏడాది పాఠాన్ని హైస్కూల్లోనే చెప్పే పద్ధతి. సైకాలజీకి ఆ పరీక్ష 1992లో మొదలైంది. ఏటా మే నెలలో ఉంటుంది. ఒకటి నుంచి అయిదు దాకా స్కోరు ఇస్తారు. మూడు, ఆ పైన వస్తే చాలా కాలేజీలు ఆ సబ్జెక్టు చదివేసినట్టే లెక్క కట్టుకుంటాయి. కొన్ని మాత్రం నాలుగో అయిదో ఉండాలంటాయి.

మన దగ్గర సీబీఎస్ఈ స్కూళ్లలో 11, 12 తరగతులకి సైకాలజీ ఐచ్ఛిక సబ్జెక్టు. అన్ని స్కూళ్లలో ఉండదు. రాతపరీక్షకి 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కి 30. అమెరికాలోలా కాలేజీ లెక్కలోకి రాదుగాని, జ్ఞాపకం, నేర్చుకోవడం, వ్యక్తిత్వం, మానసిక రుగ్మతలు అంటూ పాఠాలు చాలావరకు అవే.

ఇంకో సంగతి విని సిగ్గుపడ్డాను. మన విశాఖలోనే, ఆంధ్రా యూనివర్సిటీలో 1967లో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని కోనేరు రామకృష్ణారావుగారు నెలకొల్పారు. ఆయన తర్వాత ఆ యూనివర్సిటీకే వైస్‌ఛాన్సలర్ అయ్యారు. 2011లో పద్మశ్రీ కూడా వచ్చింది. బస్సెక్కితే చేరేంత దూరంలో ఉన్న చదువుని నేను పరాయిదనుకున్నాను!

వంటింట్లోకి వచ్చిన పాఠం

మధ్యాహ్నం పనయ్యాక దాని పుస్తకం తిరగేసేదాన్ని. ఇంగ్లీషు పుస్తకం, సగం అర్థమయ్యేది, మిగతా సగం అదే చెప్పేది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీద తనే పరీక్ష చేసుకున్నాడట. 1885లో దాన్ని పుస్తకంగా వేశాడు. చదివినదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందట! అందుకే ఒక్క రాత్రి కూర్చుని రుబ్బేకంటే, కొంచెం కొంచెంగా నాలుగు రోజులు చదివితే నిలుస్తుంది. నేను ఇంటర్ పరీక్షలకి రాత్రంతా మేలుకుని చదివి, తెల్లారేసరికి ఎందుకు మరిచిపోయానో ఇన్నాళ్లకి తెలిసింది.

ఒక్కసారిగా మనసులో నిలిచేవి ఏడు సంగతులు, ఒకటి రెండు అటూఇటూ అని 1956లో మిల్లర్ అనే ఆయన రాశాడు. వాటిని గుంపులుగా కట్టుకుంటే ఎక్కువ పడతాయట. అప్పటినుంచి రైతుబజారుకి చీటీ లేకుండా వెళ్తున్నాను. ఆకుకూరలు ఒక జట్టు, పులుసులోకి ఒక జట్టు, వేపుళ్లకి ఒక జట్టు. మీరూ చేసి చూడండి.

పేర్లు పెట్టే జబ్బు

పన్నెండులో మానసిక రుగ్మతల పాఠం వచ్చింది. ఇక చూడండి మా ఇంటి గోల! పడుకునేముందు గ్యాస్ నాబ్ రెండుసార్లు చూసుకుంటే నాకు ఓసీడీ. నైట్‌షిఫ్టు చేసి వచ్చిన నాన్న విసుక్కుంటే ఆయనకి డిప్రెషన్. మా అత్తగారికి ఏకంగా మూడు జబ్బులు అంటగట్టింది. "కన్నకూతురు నన్ను పిచ్చివాణ్ణి చేసింది" అని మావారు ఒకరోజు అన్నం ముందునుంచి లేచిపోయారు.

నేనే వెళ్లి టీచరమ్మకి చెప్పాను. ఆవిడ క్లాసులో అందరికీ ఒకే మాట చెప్పారట: "పాఠం చదివినంత మాత్రాన ఎవరికీ జబ్బు పేరు పెట్టకూడదు. చూడండి, వినండి, అవసరమైతే పెద్దవాళ్లకి చెప్పండి." మా అమ్మాయి నాన్న దగ్గరికి వెళ్లి తప్పయిపోయిందంది. ఈ చదువులో అసలు పాఠం ఇదేనని నాకనిపిస్తుంది.

నా వంతు

ఆ ఏడాదే మా అమ్మ పోయింది. నెలమాసికాలు గడుస్తున్నా నాకు నిద్ర లేదు, తిండి సయించలేదు. పోపు వేస్తూ ఏడిచేదాన్ని, అడిగితే ఉల్లిపాయలనేదాన్ని. చుట్టాలు "గుండె రాయి చేసుకో" అన్నారు. మావారికి ఏం చెయ్యాలో తోచలేదు.

మా అమ్మాయి ఈసారి ఏ పేరూ పెట్టలేదు. రోజూ రాత్రి నా పక్కన కూర్చుని అమ్మమ్మ కబుర్లు అడిగేది. పది రోజులయ్యాక, "అమ్మా, దుఃఖం తప్పు కాదు. కానీ నువ్వు ఇన్నాళ్లుగా నిద్రపోవట్లేదు. ఒక్కసారి డాక్టరుగారికి చూపిద్దాం, నేనూ వస్తాను" అంది. నలుగురూ ఏమనుకుంటారో అన్నాను. "జ్వరమొస్తే నలుగుర్నీ అడిగి వెళ్తామా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

డాక్టరుగారు ముందు రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ ఉందేమో చూశారు. తర్వాత కొన్నాళ్లు మందులు వాడాను, కౌన్సెలింగ్‌కి వెళ్లాను. అమ్మ లేని లోటు తీరలేదు. కానీ ఇప్పుడు నిద్ర పడుతోంది, అమ్మ చేసే మెంతికాయ నేనే పెడుతున్నాను.

మీ పిల్లలు అడిగితే...

ముందు స్కూల్లో ఆ సబ్జెక్టు చెప్పడానికి టీచరు ఉన్నారో లేదో కనుక్కోండి. మార్కుల కోసమే తేలికని తీసుకోనివ్వకండి, చదవాల్సింది చాలానే ఉంది. రెండేళ్లు చదివితే సైకాలజిస్టు అయిపోరు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పైచదువులు, గుర్తింపు పొందిన శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి. మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్ చదవాల్సిందే.

మీ ఇంట్లో ఎవరైనా మనసు బాగోక నలుగుతుంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. పైసా ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీలోనూ అదే చదువుతోంది. రేపు ఏ ఉద్యోగం వస్తుందో ఇంకా తెలియదు, ఆ బెంగ నాకూ లేకపోలేదు. అయితే "పిచ్చివాళ్ల చదువా?" అని మాత్రం మళ్లీ అనను. ఇంట్లో ఒక మనిషి కుమిలిపోతుంటే గమనించి, పక్కన కూర్చోవడం తెలిసిన పిల్ల, ఏ ఉద్యోగం చేసినా ఆ ఇంటికి అక్కరకొస్తుంది. మీరేమంటారు?